కలంకారీ మాట మీద ఒక పాత తగవు

కొత్త కాళహస్తి గుడ్డకి ఒక వాసన ఉంటుంది. పచ్చి గేదెపాలు, కరక్కాయ వగరు, ఎండకి కాగిన నూలు, మూడూ కలిసి మడతల్లో నిలిచిపోతాయి. నాలుగైదు ఉతుకులు పడితే గానీ పోదు. మొన్న దగ్గరవాళ్ళ పెళ్ళిలో పెట్టిన చీర ఒకటి విప్పితే ఆ వాసన లేదు, గుప్పున కిరసనాయిలు కొట్టింది. పెట్టె మీద మాత్రం బంగారు అక్షరాలతో ‘ప్యూర్ కలంకారీ’ అని ఉంది. పెట్టినవాళ్ళని అనడానికి ఏమీ లేదు. కొన్నచోట అలాగే చెప్పారు, వాళ్ళు నమ్మారు. ఆ వాసనకి ఒక తగవు మొత్తం గుర్తొచ్చింది. కలంకారీ అని దేన్ని అనాలి, దేన్ని అనకూడదు, అసలు ఆ మాట ఎవరిది అని చేతిపనుల దుకాణంలో కొలువు చేసిన కాలమంతా విన్న తగవు.

ఆ దుకాణానికి రెండు వైపుల నుంచి సరుకు వచ్చేది. కాళహస్తి మూటలు చిన్నవి. గుడి పటాలు, గోడకి వేలాడదీసే రామాయణం, ఎప్పుడైనా ఒక చీర. చుట్టచుట్టి పాత పంచెలో కట్టి, గీసిన మనిషే ఆర్టీసీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడు. బందరు పక్కన పెడన నుంచి వచ్చేవి బేళ్ళు. దుప్పట్లు, కర్టెన్లు, లుంగీలు, తానులకి తానులు, గోనెపట్టా కుట్టి లారీ పార్సిల్లో దిగేవి. రెండింటి బిల్లుల మీదా ఒకటే మాట: కలంకారీ.

ళ కాదు, ల

ఎండాకాలం ఎగ్జిబిషన్లలో కాళహస్తి స్టాలూ పెడన స్టాలూ పక్కపక్కనే పడేవి. బోర్డులు రాసే పెయింటరు రెండింటికీ ‘కళంకారీ’ అని రాసిపోయేవాడు. కళ కదండీ, అందుకే ళ పెట్టాను అనేవాడు. కాళహస్తి పెద్దాయనకి అది చూస్తే ఒళ్ళు మండేది. “కళంకమంటే మచ్చ. మా పని మచ్చల పనా? తుడిచి రాయి నాయనా” అని బోర్డు దిద్దించేదాకా మూట విప్పేవాడు కాదు.

ఆయన పట్టు న్యాయమైనదే. కలం పారశీకం మీదుగా మనకి చేరిన మాట. కాయితం మీద రాసే కలమూ అదే. కారీ అంటే పని. కలంతో చేసే పని కలంకారీ. అందులో కళకి చోటు లేదు, కళంకానికి అసలే లేదు. ఇన్నేళ్ళయినా ఆ ళ పోలేదు. దుకాణాల బోర్డుల మీద, పెళ్ళి బట్టల ప్రకటనల్లో ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

అక్షరం కుదిరాక అసలు గొడవ మొదలయ్యేది. పెద్దాయన పక్క స్టాలు బోర్డు వైపు చూపించి, “ల సరే, కలం యాడుండాది? అచ్చు కొట్టి కలంకారీ అంటే ఎట్లప్పా?” అనేవాడు. పెడన మేస్త్రి తగ్గేవాడు కాదు. “ఏవండీ, మీ తాతలు దీన్ని కలంకారీ అన్నారా? వ్రాతపని అన్నారు. ఆ పేరు మా రేవు గుడ్డకొచ్చిన పేరండీ” అనేవాడు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఎంతెంత ఉందో తెలియాలంటే రెండుచోట్లా గుడ్డ ఏం పడుతుందో చూసి తీరాలి.

కాళహస్తి పని

మొదట గాడా గుడ్డలో, అంటే చలవ చేయని ముతక నూలుగుడ్డలో, గంజి పోవాలి. రాత్రంతా నానబెట్టి పొద్దున్నే బండకేసి బాదేవాళ్ళు. గంజి మిగిలిన చోట కరక్కాయ పట్టదు, కరక్కాయ పట్టని చోట నలుపు రాదు, బూడిదరంగు తేలుతుంది. మడ్డి గుడ్డ తెల్లబడాలంటే పేడనీళ్ళలో ఒక రాత్రి ఉంచి, ఉతికి, ఎండలో పరిచి, ఆరుతుంటే నీళ్ళు చల్లుతూ ఉండాలి. బ్లీచింగు పౌడరు వేస్తే గంటలో తెల్లబడుతుంది గానీ నూలు బలం పోతుంది, తరువాత రంగులూ సరిగ్గా నిలవవు.

తరువాత పాలు. కరక్కాయ గింజ తీసేసి, పెచ్చు మాత్రమే దంచి మెత్తగా నూరేవాళ్ళు. కొలత ఇంటింటికీ మారేది. మేం ఎక్కువగా చూసిన వాకిట్లో లీటరు పచ్చి గేదెపాలకి రెండు లీటర్ల నీళ్ళు, నూరు గ్రాములకి కాస్త పైన కరక్కాయ ముద్ద. పాలు కాచకూడదు, వెన్న తీయకూడదు. ఆ వెన్నే గీతని కాపాడేది. పాలు పట్టని గుడ్డ మీద కలం పెడితే సిరా అద్దుడుకాయితం మీద పాకినట్టు పాకిపోతుంది. గుడ్డ పావుగంట నానాక ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండేవాళ్ళు, కొస నుంచి కొసకి ఒకే బిగువుతో. ఒకచోట ఎక్కువ పిండి ఇంకోచోట వదిలేస్తే ఆరాక చారలు తేలతాయి, వాటి మీద ఏ రంగూ సమంగా కూర్చోదు. ఆరేసేటప్పుడు కూడా మధ్య మధ్యలో తిరగేయాలి, లేకపోతే పాలన్నీ కింది అంచుకి దిగిపోతాయి. ఆరిన గుడ్డ లేత మీగడ రంగులోకి వస్తుంది. దాన్ని ఎక్కువ రోజులు దాచకూడదు. పాల వాసనకి పురుగు చేరుతుంది.

గీత మొదట బొగ్గుతో. చింతబరికెలు వేలెడు ముక్కలుగా విరిచి, కుండలో బిగుతుగా పేర్చి, మూతి మూసి కాల్చేవాళ్ళు. గాలి దూరితే బూడిదే మిగులుతుంది. బొగ్గుగీత దులిపితే పోతుంది కాబట్టి బొమ్మ కుదిరేదాకా దిద్దుకోవచ్చు. కసిమి పెట్టాక దిద్దడం లేదు.

కసిమి అంటే నల్లసిరా. పాత మేకులు, లాడాలు, తుప్పు ముక్కలు కిలోకి సరిపడా ఏరి, నిప్పుల్లో కాల్చి, దులిపి, పదిలీటర్ల నీళ్ళున్న కుండలో వేసేవాళ్ళు. కిలోకి అటూ ఇటూగా బెల్లం, కాస్త తాటిబెల్లం. మూతికి గుడ్డ కట్టి పదిహేను ఇరవై రోజులు నీడన ఉంచి, రోజూ కర్రతో కలిపేవాళ్ళు. పైన నురగ కట్టి, పులిసిన వాసన ముక్కుకి తగలాలి. కుండలో చూస్తే అది నల్లగా ఉండదు, పల్చటి డికాషన్ రంగు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పెట్టగానే కళ్ళముందే నల్లబడుతుంది. కరక్కాయలో వగరూ కుండలో ఇనుమూ గుడ్డ మీద కలుసుకుని పుట్టే నలుపు అది. పచ్చిగా వాడితే గోధుమరంగులో ఆగిపోతుంది. మరీ ఘాటుగా ఉంటే ఆ రోజు బాగానే ఉంటుంది గానీ ఏళ్ళు గడిచాక ఇనుము నూలుని తినేస్తుంది. పాత గుడి పటాలు చూడండి, ఎర్రరంగు ఉన్నచోట గుడ్డ గట్టిగానే ఉంటుంది, నల్లగీత వెంబడే చిరుగు పడుతుంది.

కలాన్ని ఎవరికి వాళ్ళే కట్టుకునేవాళ్ళు. జానెడు వెదురుపుల్ల మొన చెక్కి, మొనకి రెండంగుళాలు ఎగువన గొంగళిముక్క ఉండలా చుట్టి దారంతో బిగించాలి. ఉండ సిరా తాగుతుంది. బొటనవేలితో నొక్కితే చుక్కచుక్కగా మొనలోకి దిగుతుంది. గట్టిగా చుడితే తాగదు, వదులుగా చుడితే కారిపోతుంది. రేఖకి సన్నమొన, నింపడానికి మొద్దుమొన. సీతమ్మ కనుబొమ గీసేటప్పుడు ఆ వాకిట్లో మాట వినబడేది కాదు. గీత మొదలైన చోట ఒక చిన్న లావు చుక్క, పోనుపోను సన్నం, మళ్ళీ కలం ముంచిన చోట ఇంకో చుక్క. చేతిపని గుర్తు అదే.

ఎరుపుది ఇంకో దారి. ఎర్రరంగు పూయరు. ఎరుపు కావలసిన చోటల్లా పటిక నీళ్ళు పూస్తారు. పటికకి రంగు లేదు కనుక ఎక్కడ పూశారో కనబడడానికి అందులో చిటికెడు ఏదో రంగు కలిపేవాళ్ళు. ఒక పగలూ ఒక రాత్రీ ఆగి, స్వర్ణముఖి ఏట్లో జాడించేవాళ్ళు. పారే నీళ్ళే కావాలి. నిలవ నీళ్ళలో జాడిస్తే వదిలిన పటిక మళ్ళీ గుడ్డంతా పరుచుకుంటుంది, ఉడికించినప్పుడు తెల్లగా ఉండాల్సిన నేల ఎర్రబడుతుంది. నడుం లోతు నీళ్ళలో నిలబడి, గుడ్డని ప్రవాహానికి వదిలి, రెండు కొసలూ పట్టుకుని ఊపేవాళ్ళు. తరువాత మంజిష్ఠ, సురుడుచెక్క వేసిన కాగులో ఉడుకు. మంట మెల్లగా పెంచుతూ, కర్రతో గుడ్డ తిప్పుతూ ఉండాలి. పటిక ఉన్నచోట ఎరుపు పట్టుకుంటుంది, లేనిచోట పైపైన అంటి పేడనీళ్ళకీ ఎండకీ వదిలిపోతుంది. మళ్ళీ పాలు, మళ్ళీ ఆరబెట్టడం. అప్పుడు కరక్కాయపువ్వు ఉడికించిన పసుపు, ఆఖరికి నీలి. పసుపు మీద నీలి పడితే ఆకుపచ్చ. దేవుళ్ళ ఒళ్ళు నీలం, ఆడవాళ్ళది పసుపు, రాక్షసులది ఎరుపు అని ఒక కట్టు ఉండేది.

ఏరు ఎండితే పని నిలిచిపోయేది. ఇసకలో చెలమలు తీసి జాడించబోతే నీళ్ళు పారవు కదా, మళ్ళీ అదే తంటా. ఆ నెలల్లో గీతపని చేసి పెట్టుకుని, ఎరుపు వానలకి వాయిదా వేసేవాళ్ళు.

పెడన బల్లలు

పెడన వీధుల్లో ముందు చెవికి తెలిసేది. దబ్, దబ్, కాస్త ఆగి మళ్ళీ దబ్. నిలబడి పనిచేసే పొడుగు బల్లలు, వాటి మీద గోనెపట్టాలు పొరలు పొరలుగా, పైన పాత దుప్పటి. బల్ల గట్టిగా ఉంటే అచ్చు అంచులే పడి నడుం పడదు, మెత్తన ఎక్కువైతే గీతలు అలుక్కుంటాయి.

అచ్చులు టేకువి. అక్కడే చెక్కేవాళ్ళు. కాయితం మీద బొమ్మ గీసి, చెక్క మీద అంటించి, సన్న ఉలులతో గుల్ల తీసేవాళ్ళు. కొత్త అచ్చుని నూనెలో కొన్నాళ్ళు నానబెట్టకుండా బల్లెక్కించరు. నానకపోతే సిరా తాగి ఉబ్బుతుంది, ఎండలో పగులుతుంది. పెద్ద అచ్చులకి అడ్డంగా సన్న బెజ్జాలు తొలిచేవాళ్ళు, కొట్టినప్పుడు గాలి పోవడానికి. ఒక పువ్వు కావాలంటే రేఖకి ఒక అచ్చు, పటికకి ఒకటి, మిగతా ఒక్కొక్క రంగుకీ ఒక్కొక్కటి. మొదటి అచ్చు వెంట్రుకవాసి జరిగితే వెనక వచ్చేవన్నీ జరుగుతాయి. అందుకే రేఖ అచ్చు ఎప్పుడూ మేస్త్రి చేతిలోనే ఉండేది, నింపే అచ్చులు కుర్రాళ్ళ చేతిలో.

గుడ్డకి ఇక్కడా ముందు కరక్కాయే. నలుపుకి ఇక్కడా ఇనుమూ బెల్లమే, ఎరుపుకి ఇక్కడా పటికే. తేడా అల్లా చిక్కదనంలో ఉంది. కలం కిందికి పల్చటి నీళ్ళు కావాలి, అచ్చు కిందికి జిగురు కావాలి. తుమ్మజిగురో చింతగింజల పిండో కలిపేవాళ్ళు. జిగురు తక్కువైతే గీత పాకుతుంది, ఎక్కువైతే గుడ్డలోకి దిగక కాలవలో కడిగినప్పుడే సగం పోతుంది. అద్దిన గుడ్డ రెండు మూడు రోజులు ఆరి, కాలవలో పారే నీళ్ళకి జాడించి, రాగి కాగుల్లో ఉడికేది. ఇనప కాగు పనికిరాదు, ఇనుము తగిలితే ఎరుపు చచ్చి గోధుమరంగు అవుతుంది. కాగులో జాజి ఆకు వేసేవాళ్ళు, రంగు ఎక్కడా మరకలు కట్టకుండా సమంగా పట్టడానికి. పూర్వం ఈ కాగుల్లోకి నిజాంపట్నం వైపు ఇసకనేలల్లో పెరిగే చిరివేరు పడేది. 17వ శతాబ్దంలో ఆ ఎరుపు కోసమే దేశదేశాల ఓడలు ఈ తీరానికి వచ్చాయి. తరువాత ఐరోపా నుంచి అలిజరిన్ అనే తయారు ఎర్రరంగు పొడి వచ్చి వేరు తవ్వేవాళ్ళ పని పోయింది.

ఉడికిన గుడ్డలు కాలవగట్టు మీద పచ్చగడ్డిలో బారులుగా పరిచి, ఆరుతున్నకొద్దీ నీళ్ళు చల్లుతుంటే నేల తెల్లబడేది. ఎండాకాలం కాలవలు కట్టేస్తే వీళ్ళదీ కాళహస్తివాళ్ళ కష్టమే.

మాట ఎవరిది

ఇప్పుడు తగవుకి వద్దాం. పెద్దాయన వాదన తేలిక: పేరులోనే కలం ఉంది, కలం పట్టనివాడికి ఆ పేరు చెల్లదు. అచ్చు కొట్టేదానికి తెలుగులో నిండైన మాట ఉంది, అద్దకం. అద్దకం అనడానికి చిన్నతనం ఎందుకు?

మేస్త్రి వాదన రేవు మీద నిలబడింది. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో బందరు పెద్ద రేవు. పారశీక వర్తకులు అక్కడి నుంచే గుడ్డ కొని పట్టుకెళ్ళారు. డచ్చివాళ్ళు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు కోఠీ పెట్టారు. కలం, కారీ రెండూ ఆ వర్తకుల భాష మాటలు. కాళహస్తి గుడి నీడన పుట్టిన మాట కాదది. అక్కడివాళ్ళు వ్రాతపని అనే అనుకున్నారు. ఇక మన పల్లెల్లో కొనేవాళ్ళు ఇదీ కాదు అదీ కాదు, చీటిగుడ్డ అన్నారు.

అయితే మేస్త్రి చెప్పని సగం కూడా ఉంది. ఆ కాలంలో ఐరోపాకి వెళ్ళిన తీరపు గుడ్డల్లో మేలురకాలు కలంతో గీసినవే. పరుపు మీద పరిచే పెద్ద పెద్ద పలంపోర్లు, వాటి మీద కొండ మీద మొలిచిన పూలచెట్టు. గీత కలంది, నీలి అంటకూడని చోట మైనం పూత, ఎరుపుకి పటిక. అచ్చు చవక సరుకుకి. అంటే ఆ పేరు వచ్చేనాటికి బందరు చేతిలోనూ కలం ఉంది. కాలక్రమాన కలం పోయి అచ్చు మిగిలింది, పేరు మాత్రం అలాగే నిలిచింది. ఇలా జరిగింది బందరులోనే కాదు. ఇరాన్‌లో ఇస్ఫహాన్ నగరం కలంకార్ గుడ్డకి పేరుమోసింది. అక్కడ ఇవాళ కలంకార్ అంటే చెక్క అచ్చులతో అద్దిన గుడ్డే! మాట ఇచ్చినవాళ్ళ ఊళ్ళోనే కలం జారిపోయి అచ్చు దాని చోట కూర్చుంది. ఈ సంగతి తెలిసిన రోజున మేస్త్రికి పండగే. పెద్దాయన కాసేపు ఆలోచించి, “వాళ్ళు పోగొట్టుకున్నారని మనమూ పోగొట్టుకోవాల్నా?” అన్నాడు.

ప్రభుత్వం కూడా తేల్చలేదు, పంచి ఇచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీ, మచిలీపట్నం కలంకారీ అని రెండింటికీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది. కాళహస్తి పనికి మళ్ళీ ఊపిరి పోసినవాళ్ళలో, దేశమంతటా చేతిపనులకి అండగా నిలిచిన కమలాదేవి ఛట్టోపాధ్యాయ ముందుంటారు. అక్కడి జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలన్నీ కలంకారీ అనే రాశాయి. వ్రాతపని అనే మాట ఆ పాటికే పెద్దల నోళ్ళకి పరిమితమైపోయింది.

మా మటుకు మాకు గీత గీయాల్సింది కలానికీ అచ్చుకీ మధ్య కాదు. ఆ రెండు ఊళ్ళూ ఒకే కరక్కాయని దంచాయి, ఒకే పటికని నమ్ముకున్నాయి, పారే నీళ్ళ కోసం ఒకేలా ఎదురుచూశాయి. రెండుచోట్లా రంగు పైనుంచి పూసింది కాదు, గుడ్డలో పుట్టింది. పెడన గుడ్డని అద్దకపు కలంకారీ అంటే చరిత్రకీ సరిపోతుంది, అచ్చు పట్టిన చేతికీ గౌరవం. ఉత్త కలంకారీ అనే మాట మాత్రం కాళహస్తికి వదలాలి. కలాన్ని వదలకుండా నిలబెట్టింది వాళ్ళు కాబట్టి.

పెన్ కలంకారీ

ఈ ఇద్దరూ తగువులాడుకుంటూ ఉండగా మూడోది వచ్చింది. మొదట పెడనలోనే అచ్చుబల్లల పక్కన స్క్రీన్ బల్లలు వెలిశాయి. చట్రానికి బిగించిన వల మీద తయారురంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగుడు. కరక్కాయ అక్కర్లేదు, కాలవ అక్కర్లేదు, కాగు అక్కర్లేదు. రంగుపేస్టులో కిరసనాయిలు కలిపితే ఆ వాసన గుడ్డని పట్టుకుంటుంది. ఆ తరువాత డిజిటల్ యంత్రాలు ఎక్కడో దూరాన ఉన్న మిల్లుల్లో దిగాయి. కాళహస్తి పటాన్ని ఫోటో తీసి, బొగ్గుమరకతో సహా పాలిస్టర్ మీదికి ఎక్కించేశాయి.

వీటన్నిటికీ దుకాణాలు పెట్టుకున్న పేరు కలంకారీయే. దాంతో అసలు కలం పనిని విడిగా చెప్పడానికి ఇంకో మాట కావలసి వచ్చింది: ‘పెన్ కలంకారీ’. కలం అంటేనే పెన్ను. ఇప్పుడు దానికి ముందు ‘హ్యాండ్’ కూడా చేరింది. కౌంటరు దగ్గర నిలబడితే వినబడేవి ఇవీ: బ్లాక్ కలంకారీ, స్క్రీన్ కలంకారీ, డిజిటల్ కలంకారీ, కలంకారీ డిజైన్, కలంకారీ కలర్. నెమలో జింకో బుద్ధుడి మొహమో ఉండి, ఇటుకరంగూ ఆవరంగూ ఉంటే చాలు, అది కలంకారీ. కాఫీకప్పు మీదా, ఫోను కవరు మీదా అదే మాట.

పలికేవాళ్ళకి ఇది చిన్న సంగతిలా కనబడుతుంది. గీసేవాడికి కాదు. ఒక చీర వ్రాతపని అంటే వారాల పని, నడుం వంచి నేలమీద కూర్చుని. స్క్రీన్ బల్ల మీద అదే బొమ్మ నిమిషాల్లో తెగుతుంది. రెండింటికీ ఒకే పేరు పెడితే కొనేవాళ్ళు పక్కపక్కన పెట్టి ధర చూస్తారు. “అదే కలంకారీ, పక్కషాపులో వందల్లో ఇస్తుంటే మీరు వేలు చెబుతారేంటి?” అని అడుగుతారు. జవాబు చెప్పడానికి మాట మిగలదు. పెద్దాయన కొడుకుల ఈడువాళ్ళు చాలామంది కలం వదిలి వేరే పనుల్లోకి పోయింది ఈ ప్రశ్న దగ్గరే.

ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఇంకో పేరుకి ఇదే గతి పట్టింది. మన తీరపు గుడ్డని వాళ్ళు చింట్జ్ అన్నారు. అది తమ నేతగాళ్ళ పొట్టకొడుతోందని ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా నిషేధించింది, ఇంగ్లండు 1721లో కట్టడం, వాడడం కూడా ఆపేసింది. ఆ మధ్యలోనే బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో ఈ పనంతా మెట్టుమెట్టుగా చూసి, ప్రతి దశలోనూ గుడ్డముక్క కత్తిరించి రాతతో పాటు పంపాడు. 1742లో కెర్దూ అనే జెస్యూట్ పాదరీ పాలు, కరక్కాయ, పటిక, వేరు, అన్నీ వివరంగా ఉత్తరం రాశాడు. పని అక్కడికి చేరింది, తరువాత యంత్రాలు చేరాయి, సరుకు చవకైంది. ఇంగ్లీషులో ఇవాళ చింట్జీ అంటే చవకబారు అని.

గుడ్డ తిరగేస్తే

ఎగ్జిబిషన్లో కొనడానికి వచ్చినవాళ్ళకి పెద్దాయన, మేస్త్రి ఇద్దరూ ఒకే మాట చెప్పేవాళ్ళు. ముందు గుడ్డ తిరగేయండి. కలం పని, అచ్చు పని వెనక్కి దిగుతాయి, కాస్త లేతగా ఉన్నా బొమ్మంతా తెలుస్తుంది. రంగుపేస్టు స్క్రీన్ పనికి వెనక తెలుపు. తరువాత ఒకే బొమ్మ రెండుచోట్ల వెతకండి. కలం పనిలో రెండు మొహాలు ఒకలా ఉండవు, గీత లావూ సన్నమూ అవుతుంటుంది. అచ్చు పనిలో మొహాలు ఒకటే గానీ అచ్చూ అచ్చూ కలిసినచోట అతుకు కనబడుతుంది, వెంట్రుకవాసి ఎక్కడమో ఎడం కావడమో జరుగుతుంది. అతుకే లేకుండా అన్నీ ఒక్కలా ఉంటే అది స్క్రీనో యంత్రమో. వేలితో తడిమినా తెలుస్తుంది. పేస్టు రంగు ఉన్నచోట గుడ్డ బిరుసుగా, పొర కట్టినట్టు ఉంటుంది.

ఇంకా అనుమానముంటే అంచున నల్లటి పోగు ఒకటి లాగి నిమ్మరసం చుక్క వేయమనేవాడు మేస్త్రి. కసిమి నలుపు పులుపుకి వెలిసిపోతుంది, తయారురంగు చెక్కుచెదరదు. నిజమైనదే ఓడిపోయే పరీక్ష అది, కాబట్టి చీర మధ్యలో చేయకూడదు.

చివరికి దుకాణంలో చీటీలు మూడు రకాలుగా రాయడం మొదలైంది. మొదటిది ‘శ్రీకాళహస్తి వ్రాతపని, కలంకారీ’. రెండోది ‘పెడన అద్దకం, అచ్చు కలంకారీ’. మూడోదాని మీద ‘స్క్రీన్ అచ్చు’ అని అంతే. మూడో చీటీ చూసి సరుకు తెచ్చినవాళ్ళు గొణిగేవాళ్ళు, కలంకారీ అని ఒక్క మాట చేర్చమని బతిమాలేవాళ్ళు. చేర్చలేదు. మొదటి రెండు చీటీల వెనక మేస్త్రి చెప్పినట్టు ఉతుకు సంగతి కూడా ఉండేది: మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో, కుంకుడురసంతో. బట్టల సోడా, బ్లీచింగు వద్దు, ఎరుపు ఊదా అవుతుంది. చింతపండు, నిమ్మకాయ తగలనివ్వొద్దు. నీడన ఆరేయండి.